రెండు దారాలు, పదహారు గంటలు

2024 జనవరి 7, ఆదివారం

అక్క ఫోన్ పెట్టేయగానే అమ్మ అడిగిన మొదటి మాట: "ఎన్ని గంటలు కూసోవాలె బిడ్డా?"

టికెట్టు ఇంకా బుక్ కాలేదు. మార్చిలో అని మాత్రం అనుకున్నాం. ఖమ్మం నుంచి కారులో హైదరాబాద్, అక్కడి నుంచి ఢిల్లీ, ఢిల్లీలో ఎక్కితే ఇక ఎక్కడా ఆగకుండా శాన్‌ఫ్రాన్సిస్కో. అమ్మ వెళ్లేది అక్క దగ్గరికి, వాళ్లుండేది శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో. అమ్మకు 71 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగర్ మూడూ ఉన్నాయి. ఇప్పటివరకు ఆమె చేసిన పెద్ద ప్రయాణం తిరుపతి రైలు.

నేను ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెప్తాను. "పదిహేనో పదహారో ఉంటాయిలే అమ్మా" అనబోయి ఆగిపోయాను. మోకాళ్ల నొప్పితో కూర్చునే మనిషికి పదిహేనుకూ పదహారుకూ తేడా ఉంది. ఆ గంట ఎందుకు ఎక్కువైందో, ఎందుకు తగ్గిందో తెలిస్తే ఓపిక పట్టడం కూడా తేలికవుతుంది. అందుకే ఈ లెక్క మొదటి నుంచీ మేమే కట్టాలని కూర్చున్నాం. మేమంటే నేనూ, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయీ.

మొదట వాడు గోడ మీది ప్రపంచ పటం దగ్గరికి వెళ్లి స్కేలు పెట్టాడు. ఆ పటంలో అమెరికా ఎడమ పక్కన ఉంటుంది కదా, ఢిల్లీ నుంచి ఎడమకే గీశాడు: అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి అమెరికా మొత్తం అడ్డంగా కోసుకుంటూ శాన్‌ఫ్రాన్సిస్కోకి. వాణ్ణి ఏమీ అనకుండా గ్లోబు దించి తెచ్చాను. సంక్రాంతి దగ్గర పడింది కాబట్టి ఇంట్లో పతంగి దారానికి కొదవ లేదు. దారం ఒక కొస ఢిల్లీ మీద బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగుతుగా లాగమన్నాను.

లాగుతుంటే దారం దానంతట అదే పైకి జారింది. హిమాలయాల మీదుగా మంగోలియా పక్క నుంచి సైబీరియా ఎక్కి, ఆర్కిటిక్ సముద్రం అంచును తాకి, అలాస్కా మీదుగా దిగి కాలిఫోర్నియా చేరింది. వాడు రెండుసార్లు వదిలి మళ్లీ లాగాడు. రెండుసార్లూ అక్కడికే వెళ్లి ఆగింది. గోళం మీద రెండు చోట్ల మధ్య దగ్గరి దారి ఎక్కడుందో బిగించిన దారం చెప్పేస్తుంది. దాన్ని మహావృత్తం అంటాం. భూమి కేంద్రం మీదుగా కోస్తే వచ్చే వృత్తంలో అది ఒక ముక్క.

మా గ్లోబు అడ్డుకొలత 30 సెం.మీ. చుట్టుకొలత 94 సెం.మీ. పైన కొంచెం. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. కాబట్టి ఒక సెంటీమీటరుకు దాదాపు 425 కి.మీ. దారం పొడవు 29 సెంటీమీటర్లకు ఒక వెంట్రుకవాసి ఎక్కువ వచ్చింది. అంటే 12,300 పైచిలుకు కిలోమీటర్లు.

అమ్మ మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. "అంత పైకెందుకు పోవుడు? అక్కడ మంచు గదా" అంది.


జనవరి 9, మంగళవారం

కాలేజీ నుంచి వచ్చాక ఎక్సెల్‌లో కూర్చున్నాం. దారం కొలతలో పావు సెంటీమీటరు తప్పు వచ్చినా అక్కడ వంద కిలోమీటర్ల తేడా వస్తుంది.

కావలసినవి నాలుగే అంకెలు. ఢిల్లీ విమానాశ్రయం 28.57 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.10 తూర్పు రేఖాంశం. శాన్‌ఫ్రాన్సిస్కో 37.62 ఉత్తరం, 122.38 పశ్చిమం. వీటిని గోళ త్రికోణమితి సూత్రంలో వేస్తే భూమి కేంద్రం దగ్గర రెండు ఊళ్ల మధ్య కోణం వస్తుంది. దాన్ని భూమి సగటు వ్యాసార్ధం 6,371 కి.మీ.తో గుణిస్తే దూరం.

మొదటిసారి అర్థం పర్థం లేని అంకె వచ్చింది. ఎక్సెల్‌కు కోణాలు రేడియన్లలో ఇవ్వాలి, మేం డిగ్రీల్లో ఇచ్చాం. అది సరిచేశాక 4,290 కి.మీ. చూపించింది. మా వాడు ఎగిరి గంతేశాడు, "అమ్మమ్మా, ఐదు గంటల్లో పోతావ్" అని. దారం 29 సెం.మీ. అంటుంటే ఇది పది సెంటీమీటర్లకే అయిపోతోంది. సరిచూసుకుంటే, శాన్‌ఫ్రాన్సిస్కో రేఖాంశానికి పశ్చిమం గుర్తుగా పెట్టాల్సిన మైనస్ మరిచిపోయాం. 37.62 ఉత్తరం, 122.38 తూర్పు ఎక్కడుందా అని గ్లోబులో వెతికితే చైనాలో షాన్‌డాంగ్ ద్వీపకల్పం కొస పక్కన, పసుపు సముద్రంలో (యెల్లో సీ) తేలింది. ఒక్క మైనస్ గుర్తుతో అమ్మను చైనా సముద్రంలో దింపాం. ఈ ఉదాహరణ రేపు క్లాసులో చెప్పాలి. మైనస్ గుర్తు ఎందుకు ముఖ్యమో పిల్లలకు ఇంతకంటే బాగా తెలియజెప్పే మార్గం నాకింతవరకు దొరకలేదు.

మైనస్ పెట్టాక వచ్చింది: 12,381 కి.మీ.

భూమి నిజానికి గుండ్రటి బంతి కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువం దగ్గర 6,357. దానివల్ల మా అంకెలో వచ్చే తేడా అర శాతానికి మించదు. పైగా విమానం 35,000 అడుగుల ఎత్తున పోతుంది కాబట్టి ఆ వంపు నేల మీదకంటే 21 కి.మీ. ఎక్కువ పొడవుంటుంది. రెండూ కలిపినా ఐదారు నిమిషాలకు మించని సంగతి. వాటిని పక్కన పెట్టాం.

అదే సూత్రంలో ఇంకో రెండు జతలు వేశాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ 1,267 కి.మీ. హైదరాబాద్ నుంచి నేరుగా శాన్‌ఫ్రాన్సిస్కో 13,538 కి.మీ. ఢిల్లీ మీదుగా వెళ్తే మొత్తం 13,648. "ఢిల్లీకి పోయి సుట్టు తిరిగి పోవుడేంది" అని అమ్మ రెండు రోజులుగా అంటోంది. ఆ చుట్టు 110 కి.మీ. మాత్రమే. అమెరికా దారి ఎలాగూ ఉత్తరానికే కాబట్టి ఢిల్లీ దాదాపు దారిలోనే ఉంది. చెప్తే అమ్మ ముఖం వెలిగింది. ఖమ్మం నుంచి విజయవాడ దూరం కూడా తెలిసిన మనిషి, 110 కి.మీ. అంటే ఎంతో ఆమెకు తెలుసు.


జనవరి 16, కనుమ

ఈసారి దాబా మీద గాలి అసలు లేదు. అయినా పైకి లేచిన పతంగులు మాత్రం బాగా నిలబడుతున్నాయి. మా వాడి దారం చరఖా నుంచి జర్రున పోతుంటే, "కింద ఆకు కదలట్లేదు, పైన ఇంత లాగుతోందేంటి" అన్నాడు. పైకి వెళ్లేకొద్దీ గాలికి చెట్లూ ఇళ్లూ అడ్డం ఉండవు. అక్కడి నుంచి మాటలు విమానం ఎగిరే ఎత్తుకు వెళ్లాయి.

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖ వైపు వెచ్చని గాలికీ ధ్రువం వైపు చల్లని గాలికీ మధ్య పడమటి నుంచి తూర్పుకు గాలి నది ఒకటి పారుతూ ఉంటుంది. అదే జెట్ స్ట్రీమ్. చలికాలంలో జపాన్ మీద అది చాలా జోరుగా ఉంటుంది, గంటకు 200, ఒక్కోసారి 300 కి.మీ. కూడా దాటుతుంది. దాన్ని మొదట కొలిచినవాళ్లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసాబురో ఓయిషీ ఒకరు. 1920లలో తటెనో అబ్జర్వేటరీ నుంచి బెలూన్లు వదిలి వాటి వెంట చూస్తూ లెక్క కట్టారు. 1926లో ఆ నివేదికను, అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పరాంటో భాషలో అచ్చువేశారు, ప్రపంచమంతా చదువుతుందన్న ఆశతో. ఆ భాష చదివేవాళ్లే తక్కువ. 1944లో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్ విమానాలు ఆ గాలిలో చిక్కుకునేదాకా బయటి ప్రపంచం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అన్నేళ్లు బెలూన్ల వెంట కళ్లు పెట్టి చూసిన మనిషిని తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

మా వాడు ఒక ప్రశ్న వేశాడు. ప్రతి ఏడాదీ క్లాసులో ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. "భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, విమానం ఊరికే పైకి లేచి ఆగితే అమెరికా కిందికి రాదా?" రైల్లో కూర్చుని నాణెం పైకి ఎగరేస్తే మళ్లీ చేతిలోనే పడుతుంది, వెనక బోగీలో పడదు. నాణెం కూడా రైలుతో పాటే పోతోంది. అలాగే గాలీ విమానాశ్రయమూ విమానమూ అన్నీ భూమితో పాటే తిరుగుతున్నాయి. విమానానికి ఉపయోగపడేది, భూమితో తిరగడానికి మించి గాలి అదనంగా కదిలే కదలిక మాత్రమే. ఆ కదలిక ఆ దిక్కుకు మళ్లడంలో భూభ్రమణం పాత్ర ఉంది, అది వేరే సంగతి.


జనవరి 28, ఆదివారం

టికెట్టు బుక్ అయింది. అక్క స్క్రీన్‌షాట్ పంపింది. మార్చి 13 బుధవారం తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరి, అదే రోజు ఉదయం 7:30కి శాన్‌ఫ్రాన్సిస్కో.

"నాలుగింటికి ఎక్కి ఏడున్నరకు దిగుడా? మూడున్నర గంటలేనా?" అమ్మ గొంతులో ఎంత సంతోషమో. దాన్ని చల్లార్చడానికి నాకు మనసొప్పలేదు గానీ తప్పలేదు. అక్కడి గడియారం మన కంటే పదమూడున్నర గంటలు వెనక అని చెప్పి వేళ్ల మీద కూడాను. మూడున్నరా పదమూడున్నరా కలిపితే 17 గంటలు.

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి లేచి మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చుంది. ఆ నూనె సీసా చప్పుడు వింటుంటే నాకు టెన్షన్ మొదలైంది.

మా లెక్క ప్రకారం విమానం గాలిలో గంటకు సుమారు 900 కి.మీ. వెళ్తుంది. 12,381ని 900తో భాగిస్తే 13 గంటల 45 నిమిషాలు. టికెట్టు 17 అంటోంది. మధ్యలో మూడుంబావు గంటలు ఎక్కడికి పోయాయి? ఈ నోట్‌బుక్కులో పెద్దక్షరాలతో రాసి గీత కొట్టాను. ఇక నుంచి పని అంటే ఈ మూడుంబావు గంటల్ని వెతకడమే.


ఫిబ్రవరి 11, ఆదివారం

ఒక గంట దొరికింది. అది మాకు చాలా దగ్గర్లోనే ఉంది.

అక్కతో మాట్లాడుతూ 17 గంటలన్నాను. "అదేంటే, నేను వచ్చినప్పుడు పదహారే పట్టింది" అంది. కాసేపు ఆగి తనే, "మార్చి 10న ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారుగా" అని గుర్తు చేసింది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా కాలిఫోర్నియా మనకు పన్నెండున్నర గంటలే వెనక. మూడున్నరకు పన్నెండున్నర కలిపితే సరిగ్గా 16.

అమ్మకు చెప్పడానికి పరిగెత్తాను. "గంట తగ్గింది" అంటే "ఎవరు తగ్గించిన్రు?" అని అడిగింది.

ఇంకో గంట కూడా దాదాపు దొరికినట్టే. టికెట్టు మీద రాసే సమయం విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, వంతు కోసం ఆగడం, దిగాక మళ్లీ గేటుకు రావడం కలిపి 40 నిమిషాలు వేసుకున్నాం. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ 900 వేగం ఉండదు కాబట్టి దానికి ఇంకో 20 నిమిషాలు. మొత్తం 14 గంటల 45 నిమిషాలు అయింది. ఇంకా గంటంబావు మిగిలింది.


ఫిబ్రవరి 18, ఆదివారం

వారం రోజులుగా మా ఇంట్లో పొద్దున టిఫిన్ దగ్గరా సాయంత్రం టీ దగ్గరా ఒకటే పని. విమానాలను ట్రాక్ చేసే యాప్‌లో అమ్మ ఎక్కబోయే ఫ్లైట్ ఈరోజు ఎక్కడుందో చూడటం. నాలుగింటికి ఢిల్లీలో లేస్తుంది కాబట్టి మేం ఇడ్లీ తినే వేళకు మూడు గంటల ప్రయాణం అయిపోయి ఉంటుంది. సాయంత్రం వాడు స్కూలు నుంచి వచ్చేసరికి అలాస్కా వైపో, పసిఫిక్ మీదో ఉంటుంది.

మొదటి సంగతి, మా దారం మీద ఒక్క రోజు కూడా నడవలేదు. దారం ఢిల్లీ నుంచి సూటిగా హిమాలయాలూ టిబెట్టూ దాటుతుంది. విమానాలు ఆ మీద ఎక్కువసేపు ఉండవు. లోపల గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే విమానం పదివేల అడుగుల దాకా వెంటనే దిగాలి, ఎందుకంటే ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు, అంటే 14,700 అడుగుల పైన. దిగడానికి చోటు లేదు. అందుకని చుట్టుకుని పోతాయి.

రెండో సంగతి, రోజూ ఒకే దారి కాదు. కొన్ని రోజులు ఉత్తరంగా ఎక్కి సైబీరియా మీదుగా వెళ్లింది. కొన్ని రోజులు తూర్పుకు తిరిగి చైనా, జపాన్ పక్కగా పసిఫిక్ దాటింది. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలో దిగగలిగే విమానాశ్రయం ఒకటి అందుబాటులో ఉండేలా దారి వేసుకోవాలి. 2023 జూన్‌లో ఇదే ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఒకటి ఇంజన్ సమస్య వచ్చి రష్యా తూర్పు కొసన ఉన్న మగడాన్‌లో దిగింది. అందరూ క్షేమంగా బయటపడ్డారు. అమ్మకు ఈ విషయం చెప్పలేదు. కానీ మగడాన్ మీద ఒక చుక్క పెట్టుకున్నాను, అలాంటి చుక్కలు దారి పొడవునా ఉన్నాయని తెలిశాక నాకే ధైర్యం వచ్చింది.

సైబీరియా దారి అందరికీ లేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమానాలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. మన దేశపు విమానాలు ఇప్పటికీ వెళ్తున్నాయి.


ఫిబ్రవరి 25, ఆదివారం

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఆనందం కలిగించిన రోజు ఇది.

యాప్‌లో చూసిన రెండు దారులనూ గుండుసూదులు గుచ్చి గ్లోబు మీద దారంతో వేశాం. ఎర్ర దారం పై దారి, టిబెట్‌ను తప్పించుకుని సైబీరియా మీదుగా. తెల్ల దారం కింది దారి, చైనా, జపాన్ పక్కగా పసిఫిక్ మీదుగా. సూదులు తీసి కొలిచాం. ఎర్రది 31 సెం.మీ., అంటే సుమారు 13,200 కి.మీ. తెల్లది 35 సెం.మీ., సుమారు 14,900.

రెండు దారాలూ పక్కపక్కన పెడితే తెల్లది రెండు వేళ్ల మందం దాకా పొడుగు. నాలుగు సెంటీమీటర్లంటే 1,700 కి.మీ., ఖమ్మం నుంచి ఢిల్లీ దాటి పోయేంత. ఏ పైలట్ అయినా అంత చుట్టు ఎందుకు తిరుగుతాడు?

ఇప్పుడు గాలి వేశాం. పై దారిలో గాలి అటూ ఇటూ ఉండి మొత్తానికి పెద్ద లాభనష్టాలు లేవనుకుంటే, 13,200ని 900తో భాగిస్తే 14 గంటల 40 నిమిషాలు. కింది దారిలో జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోస్తుంది. దారి మొత్తం మీద సగటున గంటకు 100 కి.మీ. కలిసొస్తుందనుకుంటే వేగం 1,000 అవుతుంది. 14,900ని వెయ్యితో భాగిస్తే 14 గంటల 54 నిమిషాలు.

పద్నాలుగు నిమిషాలు తేడా, అంతే. వాడు ఆ రెండు దారాలనూ రెండు చేతుల్లో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. గాలి ఇంకో 20 కి.మీ. జోరు పెరిగితే పొడుగు దారమే ముందు చేరుతుంది.

ఇది కాగితం మీది ఊహ కాదు. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ వైపు నుంచి తిప్పేది. అది సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబరులో తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపింది. అప్పుడు నడిచిన దూరం సుమారు 15,300 కి.మీ. అంటే 1,400 కి.మీ. ఎక్కువ. పట్టింది దాదాపు 14 గంటల 30 నిమిషాలు, పాత దారి కంటే ఇంచుమించు రెండు గంటలు తక్కువ. 15,300ని పద్నాలుగున్నరతో భాగిస్తే గంటకు 1,055 కి.మీ. మామూలు 900కు పైన వచ్చిన ఆ 155 గాలి పెట్టిన బిక్షే.

ఇంకో చిన్న ముచ్చట. దిక్సూచి ముల్లును ఒకే కోణంలో పట్టుకుని, చదును పటం మీద స్కేలు పెట్టి గీసినట్టు ఢిల్లీ నుంచి తూర్పుకు పోతే ఎంత దూరమో కూడా లెక్క కట్టాం. సుమారు 14,950 కి.మీ. వచ్చింది. జపాన్ దక్షిణ కొస మీదుగా పోయే గీత అది, మా తెల్ల దారానికి అతి దగ్గర. ఇన్నాళ్లూ పిల్లలకు "చదును పటం మీది గీత దగ్గరి దారి కాదు" అని చెప్తూ వచ్చాను. దగ్గరి దారి కాదన్నది ఇప్పటికీ నిజమే. ఇక నుంచి దానికి "గాలి బాగుంటే తొందరగా చేరే దారి కావచ్చు" అని కూడా చేరుస్తాను.

మా లెక్క ఇప్పుడిలా ఉంది. పై దారి అయితే 14:40 ప్లస్ ఎక్కడం దిగడం 20 నిమిషాలు, నేల మీద 40 నిమిషాలు: 15 గంటల 40 నిమిషాలు. కింది దారి అయితే 15 గంటల 54 నిమిషాలు. ఆలస్యాలకు కాస్త చోటుంచి టికెట్టు మీద 16 రాశారు. మూడుంబావు గంటలూ దొరికాయి.

వాడు పడుకోబోతూ అడిగాడు: "వెళ్లేటప్పుడు గాలి తోస్తే వచ్చేటప్పుడు ఆపుతుంది కదా, రెండూ చెల్లుకు చెల్లు అవుతాయా?" అవవు. అదే దారిలో 100 కి.మీ. ఎదురుగాలి ఉంటే 800 వేగంతో 18 గంటల 38 నిమిషాలు పడుతుంది. గాలి లేని రోజు రానూపోనూ 33 గంటల 7 నిమిషాలు, గాలి ఉన్న రోజు 33 గంటల 32. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ. మున్నేరులో వాలుకూ ఎదురుకూ ఈదిన వాళ్లకు ఇది ఒంటికే తెలుసు.


మార్చి 3, ఆదివారం

ఇప్పటిదాకా లెక్క మాది. ఇప్పుడు అమ్మ చేతిలో పట్టుకునే వస్తువు కావాలి.

పాత క్యాలెండర్ అట్ట కోసి అడుగున్నర పొడవు, జానెడు వెడల్పు పట్టీ చేశాం. దాని మీద 16 గడులు, ఒక్కో గడి ఒక గంట. మొదట గడుల్లో గడియారం టైము రాశాను. విమానం లేటయితే మొత్తం చెడిపోతుందని వాడే పట్టేశాడు. అందుకని గడుల్లో "ఒకటో గంట, రెండో గంట" అని మాత్రం రాశాం. దాని పైన జరిపే ఇంకో అట్టముక్క పెట్టాం. దాని మీద ఇండియా టైము, కింద ఫ్రీమాంట్ టైము, రెండిటి మధ్య పన్నెండున్నర గంటలు. విమానం కదిలినప్పుడు ఆ టైమును ఒకటో గంట మొదటికి జరుపుకుంటే మిగతావన్నీ వాటంతటవే కూర్చుంటాయి. అట్ట జారిపోకుండా రెండు వైపులా రబ్బరు బ్యాండ్లు.

డాక్టరుగారిని అడిగితే, ప్రయాణంలో మందులు ఇండియా టైము ప్రకారమే వేసుకుని, అక్కడికి చేరాక అక్క మాట్లాడి మార్చుకోమన్నారు. గంటన్నరకు ఒకసారైనా లేచి నడవాలన్నారు. మందు గడులకు ఎర్ర చుక్క, నడిచే గడులకు పాదం బొమ్మ. పాదాలు మా వాడు గీశాడు.

పట్టీ ఒక వైపు పై దారి: మధ్య ఆసియా, సైబీరియా, ఆర్కిటిక్ అంచు, అలాస్కా. రెండో వైపు కింది దారి: బర్మా పైభాగం, చైనా, జపాన్, పసిఫిక్, పసిఫిక్, పసిఫిక్. ఆ వరస గడుల్లో ఒకే మాట చూసి అమ్మ, "ఇన్ని గంటలు నీళ్ల మీదనేనా" అంది. అవునన్నాను. ఏ దారి అన్నది ముందే చెప్పలేమనీ, ఎదురుగా స్క్రీన్ మీద విమానం బొమ్మ ఎటు తిరిగితే ఆ వైపు పట్టీ తిప్పుకోవాలనీ చెప్పాను. నాలుగు రోజులు రోజూ ఒకసారి చేయించాను. మూడో రోజు నుంచి ఆమే నన్ను సరిదిద్దడం మొదలుపెట్టింది.


మార్చి 13, బుధవారం

విమానం 4 గంటలకు కాకుండా 5:10కి గేటు నుంచి కదిలింది. అమ్మ ఎక్కాక పక్క సీటు అమ్మాయి ఫోన్ నుంచి చేసింది: "లేటయింది, అట్ట జరుపుకున్నా." అంతే మాట్లాడి పెట్టేసింది.

ఏడింటికి యాప్ తెరిస్తే విమానం తూర్పుకు పోతోంది. తెల్ల దారం. అమ్మ పట్టీ తిప్పుకుందో లేదో అని రోజంతా అదే ధ్యాస. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో చూస్తే జపాన్ దాటింది, వేగం గంటకు 1,100 పైన చూపిస్తోంది. నా పక్కన కూర్చునే ఫిజిక్స్ మేడమ్‌కు కూడా చూపించాను. సాయంత్రం మొత్తం నీలంరంగు మీద చిన్న విమానం బొమ్మ. మా వాడు హోంవర్క్ పక్కన పెట్టుకుని పది నిమిషాలకోసారి వేగం రాసుకున్నాడు.

మన టైము రాత్రి 8:34కి గేటు దగ్గర ఆగింది. అక్కడ ఉదయం 8:04. గేటు నుంచి గేటుకు 15 గంటల 24 నిమిషాలు. మేం కింది దారికి వేసింది 15:54. అరగంట తేడా, గాలి మేం అనుకున్నదానికంటే జోరుగా ఉంది. నేల మీదికి, ఎక్కడం దిగడానికి వేసిన గంట తీసేస్తే 14,900 కి.మీ.కు 14 గంటల 24 నిమిషాలు, అంటే గంటకు 1,035. మేం వేసిన 100 బదులు 135 కలిసొచ్చింది. గంటా పది నిమిషాలు లేటుగా బయలుదేరిన విమానం ముప్పై నాలుగు నిమిషాల లేటుకే చేరింది.


మార్చి 17, ఆదివారం

ఇవాళ అమ్మ వీడియో కాల్‌లో పట్టీ చూపించింది. కింది దారి వైపు గడుల్లో పెన్నుతో టిక్కులు పెట్టుకుంది. ఒకటి నుంచి ఏడు దాకా వరసగా ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది ఖాళీ, నిద్రపోయిందట. పదకొండు దగ్గర మళ్లీ మొదలై పదిహేను దాకా ఉన్నాయి. మెలకువగా ఉన్నంతసేపూ పాదం బొమ్మ ఉన్న ప్రతిచోటా లేచిందట, వెనక దాకా నడిచి వచ్చిందట. విమానం బొమ్మ కలకత్తా వైపు తిరగగానే పట్టీ తిప్పుకుందట. పక్క సీటు అమ్మాయి "ఇదేంటి ఆంటీ" అని అడిగితే ఆమెకు కూడా ఎక్కడున్నారో గంట గంటకూ చెప్పిందట. "పదహారో గడి మిగిలిపోయింది బిడ్డా" అంది. ఆ గడి ఎందుకు మిగిలిందో చెప్పాను. జపాన్ దగ్గరి గాలి గురించి, బెలూన్లు ఎగరేసిన ఆయన గురించి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

తిరుగు ప్రయాణం సెప్టెంబరులో. మా వాడు అప్పుడే ఎక్సెల్‌లో కొత్త షీట్ తెరిచి గాలి గడిలో మైనస్ పెట్టాడు. ఎదురుగాలి తప్పించుకోవాలంటే ఎర్ర దారమే మేలని తేలుతోంది. అమ్మను కొత్త పట్టీలో ఏం మార్చాలని అడిగాను.

"లోపల లైట్లు ఆర్పేస్తరు" అంది. "ఈసారి అక్షరాలు ఇంకా పెద్దగ రాయి."